మైసూరు బండి, చింతామణి బండి

1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది. చెకోస్లొవేకియా జావా డిజైను మీద 250 సీసీ మోటారు సైకిళ్ళు తయారుచేసింది. 1973 నుంచి వాటిని యెజ్డీ పేరుతో అమ్మింది. 1996లో మూతపడింది. అక్కడి నుంచి వచ్చిన బళ్ళు నిన్నమొన్నటి దాకా షెడ్డు మూలన పడి తుప్పు పట్టాయి. ఇప్పుడు వాటికి గిరాకీ వచ్చింది. బెంగళూరు నుంచి పల్లెల దాకా వచ్చి వెతికి కొంటున్నారు, విప్పి మళ్ళీ బిగించి రంగు వేసి పోటీలకు తీసుకుపోతున్నారు. ఈ పనిలో అందరి నోటా వినిపించే మాట 'ఒరిజినల్'. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున బండి ఎట్లా ఉందో అట్లా ఉంటేనే ఒరిజినల్ అని వాళ్ళ లెక్క. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో బతికిన బళ్ళకు ఈ లెక్క సరిపోదని నా వాదన. గేటు దాటిన రోజున ఆ బండి మైసూరుది. అదే వారం అదే ఫ్యాక్టరీలోంచి బయటికి వచ్చిన మరో బండికీ దానికీ తేడా లేదు. ఈ సీమ దాని మీద రాసినదంతా ఆ మర్నాటి నుంచే మొదలైంది. ఒరిజినల్ పేరుతో చెరిపేస్తున్నది సరిగ్గా ఆ రాతనే.

ఆ రాత ఎక్కడుంటుందో జావాను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఈ బండికి కిక్ కొట్టడానికి వేరే కడ్డీ ఉండదు. గేరు మార్చే లీవరునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్ అవుతుంది. రోజూ అన్ని పనులకూ ఒకే కాలు ఒకే ఇనుము మీద పడుతుంది కాబట్టి లీవరు ఒక పక్కనే అరిగిపోతుంది. ఇంజిన్ తెరిస్తే ఇంకా స్పష్టమైన లెక్క దొరుకుతుంది. సిలిండరు బోరు ఫ్యాక్టరీలో 65 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా లేత్ షాపులో బోరు చేయించి కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. ఎంత పెద్దదో ఆ అంకె పిస్టన్ తల మీదే కొట్టి ఉంటుంది. పాయింట్ 25 అంటే ఒకసారి, పాయింట్ 50 అంటే మరోసారి. ఈ ఇంజిన్ ఎన్నిసార్లు కొత్త బతుకు బతికిందో దాన్ని చూసి చెప్పొచ్చు. వెనక సీటు పక్కన పాలక్యాన్ల కోసమో, శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళు తీసుకుపోవడానికో వెల్డింగు చేయించిన ఇనుప క్యారియరు ఉండొచ్చు. రీస్టోరేషన్ పేరుతో మొదట కోసి పారేసేది దాన్నే. తర్వాత సిలిండరుకు స్లీవు వేసి మళ్ళీ 65కు తెస్తారు, లీవరు కొత్తది పెడతారు. చివరికి మిగిలేది మెరిసే మెరూన్ రంగు బండి. అది ఎక్కడి బండో, ఎవరి పని చేసిందో చెప్పే ఆనవాలు ఒక్కటీ దాని మీద ఉండదు.

మోటారు సైకిలు కంటే పెద్ద సాక్ష్యం ఈ సీమలోనే ఉంది, చిన్న రైలు రూపంలో. 1913లో అప్పటి బౌరింగ్‌పేట, ఇప్పటి బంగారుపేట నుంచి కోలారుకు 762 మిల్లీమీటర్ల నేరో గేజ్ లైను పడింది. 1915లో బెంగళూరు వైపున యలహంక నుంచి చిక్కబళ్ళాపురానికి మరో చిన్న లైను వచ్చింది. తర్వాత రెండూ శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా కలిశాయి. చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరుకు దివానుగా ఉన్న కాలం అది, 1912 నుంచి 1918 దాకా. చిన్న గేజ్ ఎంచుకోవడానికి కారణం ఖర్చు. తేలికైన పట్టాలు చాలు, వంపులు తిరగొచ్చు, కట్ట సన్నగా ఉన్నా సరిపోతుంది. అయితే ఆ పొదుపే దాని గొంతుకు ఉరి అయింది. బంగారుపేటలో మద్రాసు వైపు బ్రాడ్ గేజ్, యలహంకలో మీటర్ గేజ్. రెండు కొసలా ప్రతి బస్తానూ ఒక పెట్టెలోంచి దించి ఇంకో పెట్టెలో ఎక్కించాలి. చింతామణి మండీ నుంచి లారీ అయితే సరుకును ఒక్కసారి ఎక్కించి ఒక్కసారి దించుతుంది. రోడ్లు బాగుపడ్డాక రైలు దీనికి తట్టుకోలేకపోయింది. 1951లో మైసూరు రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. 1992లో దేశమంతా ఒకే గేజ్ అన్న పథకం వచ్చింది. తొంభైల్లో రెండు కొసలూ బ్రాడ్ గేజ్ అయ్యాయి. చింతామణి మీదుగా ఉన్న నడిమి భాగంలో కొత్త లైను 2013లో తెరిచారు. బాగేపల్లికి అసలు రైలే రాలేదు. హైదరాబాదు, బెంగళూరు రోడ్డే దాని ఊపిరి.

ఈ లైనులో ఏది ఒరిజినల్? పట్టాలు మారాయి, ఇంజిన్లు పోయాయి, దారి కట్టను వెడల్పు చేశారు. మిగిలినవి కొన్ని స్టేషన్ భవనాలు. వారసత్వ సంరక్షణ సంస్థ ఇంటాక్ బెంగళూరు శాఖ దొడ్డజాల, దేవనహళ్ళి, అవతిహళ్ళి, నంది హాల్ట్ స్టేషన్లను బాగుచేసే పని తలకెత్తుకుంది. అది చేయవలసిన పనే. నంది హాల్ట్ విలువ అది 1915 నాటి కట్టడం కావడంలో సగమే ఉంది. చిన్న రైలు కొలతలకు కట్టిన ఆ స్టేషను ఇవాళ 1676 మిల్లీమీటర్ల పట్టాల పక్కన నిలబడి ఉంది. ఆ పొంతన కుదరనితనమే నూరేళ్ళ కథను చెబుతుంది, మిగతా సగం విలువ అందులో ఉంది. రేపు ఎవరైనా పర్యాటకుల కోసం అక్కడ మళ్ళీ చిన్న పట్టాలు వేసి, ఎక్కడిదో ఆవిరి ఇంజిన్ తెచ్చి నిలబెడితే చూడ్డానికి బాగుంటుంది. కానీ గేజ్ ఎందుకు మారింది, బస్తాలు ఎందుకు దించాల్సి వచ్చింది, లారీ ఎట్లా గెలిచింది అన్న ప్రశ్నలు అక్కడ ఇక పుట్టవు. కట్టడాల సంరక్షణ గురించి 1964లో వెనిస్‌లో రాసుకున్న ఒడంబడిక ఈ విషయం ముందే గ్రహించింది. ఒక కట్టడంలో అన్ని కాలాల చేర్పులనూ గౌరవించాలని, ఒకే కాలపు రూపం తేవడం లక్ష్యం కాకూడదని అది చెప్పింది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2013 నాటి ట్యూరిన్ ఒడంబడికలో అదే దృష్టిని బళ్ళకూ తెచ్చింది.

మన చట్టం వేరే దారి పట్టింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, చాసిస్‌లోనో బాడీలోనో ఇంజిన్‌లోనో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు ఇరవై వేల రూపాయలు, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ఉద్దేశం మంచిదే, పాత బళ్ళను తుక్కు కాకుండా కాపాడుతుంది. కానీ ఇది సొంత వాడకపు టూవీలర్లకూ కార్లకూ మాత్రమే. ఈ సీమ చరిత్రను నిజంగా మోసినవి లారీ, బస్సు. వాటికి ఇందులో చోటు లేదు. చోటిచ్చినా ఆ నిర్వచనం వాటికి అతకదు. 1954 నుంచి టాటా, మెర్సిడెస్ బెంజ్ పేరుతో వచ్చిన లారీనే తీసుకోండి. కంపెనీ అమ్మేది చాసిస్, ఇంజిన్, ముందు మూతి. వెనక తొట్టి, క్యాబిన్, తలుపులు, మీద రాతలు, బొమ్మలు అన్నీ బాడీ కట్టే షెడ్డులో వడ్రంగి, కమ్మరి, పెయింటరు చేతుల్లో తయారయ్యేవి. ఫ్యాక్టరీ రూపమే ఒరిజినల్ అయితే ఆ లారీకి ఒరిజినల్ రూపమే లేదు. అది షెడ్డులోనే పుట్టింది.

నా వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది: తుప్పు, అతుకులు, తప్పుడు స్పేర్లు కూడా చరిత్రేనా? కాదు. పని కోసం చేసిన మార్పు వేరు, నిర్లక్ష్యంగా వదిలేయడం వేరు. పాల కోసం వేసిన క్యారియరు మొదటి రకం. వానలో వదిలేస్తే చిల్లు పడిన పెట్రోలు ట్యాంకు రెండో రకం, దాన్ని బాగుచేయాల్సిందే. రెండోది: అట్లా అయితే ఎవరూ ఫ్యాక్టరీ రూపాన్ని చూడలేరు కదా? నిజమే, పోల్చి చూడడానికి కొన్ని బళ్ళు ఆ రూపంలో ఉండి తీరాలి. తక్కువ తిరిగి, మార్పులు లేకుండా మిగిలినవి ఆ పనికి వస్తాయి. ముప్పై ఏళ్ళు పొలాల దారి తిరిగిన బండిని గీకి ఆ వేషం వేయనక్కర్లేదు.

మూడో అభ్యంతరం నడిచే బళ్ళ గురించి. భాగాలు మార్చకుండా బండి రోడ్డెక్కదు, అప్పుడు నిజాయితీ ఎక్కడ? ఇందుకు మద్రాసు పెరంబూరు లోకో వర్క్స్ మంచి సాక్ష్యం. ఇంగ్లండులో 1855లో తయారైన ఈఐఆర్-21 ఇంజిన్‌ను వాళ్ళు 2010లో మళ్ళీ నడిపించారు. దాని కాలంలో లేని బ్రేకులు, విద్యుత్ దీపాలు అమర్చారు. అదే ఏడాది తయారైన ఫెయిరీ క్వీన్‌లో 2011 ప్రాంతంలో దొంగలు భాగాలు ఊడదీసుకుపోతే దాన్ని కూడా పెరంబూరులోనే బాగుచేశారు. ప్రాణాలు ముఖ్యం కాబట్టి బ్రేకులు మార్చడాన్ని ఎవరూ తప్పు పట్టరు. కొత్త భాగాన్ని పాతదిగా చెప్పుకోవడమే తప్పు. మార్చిన ప్రతి భాగం మీద చిన్న గుర్తు కొట్టి, తీసిన పాతదాన్ని దాచిపెట్టి, తేదీతో సహా రాసిపెడితే బండి నడుస్తుంది, దాని మాటా నిలుస్తుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం మోసం గురించి. ప్రతి మరమ్మతునూ చరిత్రగా ఒప్పుకుంటే నాలుగు తుక్కు బళ్ళు కలిపి ఒకటి చేసి, 'ఇదీ చరిత్రే' అని అమ్మేవాళ్ళను ఆపేదెట్లా? ఫ్యాక్టరీ రూపం అన్న కొలమానం ఇక్కడ కూడా పెద్దగా కాపలా కాయదు. కొత్తగా రంగు వేసిన బండిలో ఏ ముక్క ఎక్కడిదో తెలియకుండా చేయడం చాలా తేలిక. అరిగిన లీవరు, పిస్టన్ అంకె, ఆర్సీతో సరిపోయే ఇంజిన్, చాసిస్ నంబర్లు, మెకానిక్ బిల్లులు అన్నీ ఒకదానికొకటి పొంతనగా ఉన్న బండిని నకిలీగా పుట్టించడం కష్టం. బండి విప్పేముందు ఫోటోలు తీయడం, ప్రతి అతుకూ ఎవరు ఎప్పుడు వేశారో పాత యజమానిని అడిగి రాసుకోవడం రీస్టోరరు మొదటి పని కావాలి. లారీల విషయంలో ఈ తొందర ఇంకా ఎక్కువ. చెక్క తొట్టి కట్టిన పెద్ద మేస్త్రీలు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళు కట్టినవి తుక్కు కింద పోతున్నాయి. బాగేపల్లి రోడ్డు పక్క షెడ్లలో ఒక పాత తొట్టి కొలతలు, కీళ్ళు, పెయింటరు సంతకం నమోదు చేయించడానికి ఏ వీఏ నంబరూ అక్కర్లేదు. ఒక కొలతల టేపు, ఒక నోటుబుక్కు, ఆ మేస్త్రీతో గడపడానికి కొంత సమయం ఉంటే ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.