సూరతు చరిత్రలో గురుధర్మము

తాపీ నదీతీరమున నున్న సూరతు నగరము పేరు వినగానే తెలుగువారికి జరీయు, పట్టుబట్టలును, మగ్గముల చప్పుడును స్మరణకు వచ్చును. తెలంగాణ ప్రాంతమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు నేటికిని ఆ నగరమున పెద్దసంఖ్యలో నివసించుచున్నవి. అయితే వారికి చాల పూర్వమే తెలుగు మూలము గల మరియొక వంశము సూరతుతో సంబంధము పెంచుకొన్నది. అది గురువుల వంశము. ఆ వంశమునకు చెందిన ఒక గురువు విషయమున 19వ శతాబ్దమున చెలరేగిన వివాదము, గురువనువాడు ఎట్లుండవలెనను ప్రశ్నను భారతదేశమంతట చర్చకు తెచ్చినది.

పుష్టిమార్గ స్థాపకుడగు వల్లభాచార్యులు వెలనాటి వైదిక కుటుంబమునకు చెందినవారు. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. 1479లో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని చంపారణ్యమున జన్మించిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. వారి సంతతివారిని ఉత్తరదేశమున నేటికిని తైలంగులనియే వ్యవహరింతురు. విజయనగర సభలో వాదమున గెలిచిన ఆచార్యునకు రాయలవారు కనకాభిషేకము చేయగా, ఆ సువర్ణరాశినుండి ఏడు నాణెములు మాత్రమే గైకొని, వానితో భగవన్మూర్తికి అందెలు చేయించిరని ఒక గాథ కలదు. చరిత్రకారులు దానిని ఎట్లు తూచినను, శిష్యులు తరతరములుగా ఆ గాథను భద్రపరచుకొనుటలో ఒక అర్థమున్నది. గురువు చేతికి వచ్చిన ధనము గురువుది కాదు, అది భగవంతునిది.

ఈ మార్గమున దీక్షకు బ్రహ్మసంబంధమని పేరు. శిష్యుడు తన తనువును, మనస్సును, ధనమును శ్రీకృష్ణునకు సమర్పించును. గురువు ఆ సమర్పణకు సాక్షియు, మార్గదర్శియు మాత్రమే. ఆచార్యుని కుమారుడగు విఠలనాథునకు ఏడుగురు కొడుకులు. వారి వంశములనుండి మహారాజులనబడు గోస్వాములు గుజరాతు, రాజస్థానము, బొంబాయి నగరములందు నెలకొనిరి. భాటియా, బనియా వర్తకులు వారికి శిష్యులైరి. అమ్మిన సరకుపై ఇంత యని గురువునకు చెల్లించు లాగా యను పద్ధతి వర్తకములో ప్రవేశించెను. పీఠములకు ఐశ్వర్యము పెరిగినది. కాలక్రమమున కొందరి నోట దేవునకు చేయవలసిన సమర్పణ, గురువునకు చేయవలసిన సమర్పణగా మారిపోయెను. మాట మారలేదు, దాని గమ్యము మారినది.

సూరతు నగరము ఈ మార్పును ప్రశ్నింపకుండ ఊరకుండలేదు. 1844లో దుర్గారామ్ మెహతాజీ యను ఉపాధ్యాయుడు, దాదోబా పాండురంగ మొదలగు మిత్రులతో కూడి, సూరతులో మానవధర్మసభను స్థాపించెను. మంత్రశక్తి కలదని జనులను భయపెట్టువారిని ఆయన బహిరంగముగా సవాలు చేసి, ఆ శక్తిని అందరియెదుట నిరూపింపుమనెను. నిరూపింపలేని అధికారమును అంగీకరింప నవసరము లేదనునదే ఆయన పాఠము. ఆ సభ ఎక్కువకాలము నిలువకపోయినను, అడుగుట పాపము కాదను భావము ఊరిలో నాటుకొనెను.

1833లో సూరతులోనే జన్మించిన నర్మదాశంకర్ దవే, గుజరాతీ సాహిత్యమున నర్మద్ పేర ప్రసిద్ధుడైన కవి. సూరతుకు చెందిన జదునాథ్‌జీ మహారాజ్ 1860లో బొంబాయికి వచ్చినపుడు, వితంతు పునర్వివాహమును గూర్చి నర్మద్ ఆయనతో బహిరంగ వాదమునకు దిగెను. శాస్త్రములన్నియు ఈశ్వరకృతములని మొదట ఒప్పుకొనవలెనని మహారాజు పట్టుబట్టగా, కవి అందుకు అంగీకరింపలేదు. వాదము తెగలేదు, కాని ఒక యువకవి పీఠాధిపతి యెదుట నిలిచి ప్రశ్నించుటయే నగరమంతట సంచలనమైనది.

ఆ సంవత్సరమే అక్టోబరు 21వ తేదీన కరసన్‌దాస్ మూల్జీ నడుపుచున్న సత్యప్రకాశ్ పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. హిందువుల అసలు ధర్మమేది, ఇప్పటి పాషండమతము లేవి యనునది దాని విషయము. తనువు, మనస్సు, ధనము అను సమర్పణమునకు తప్పుడర్థము చెప్పి, కొందరు మహారాజులు భక్తకుటుంబముల స్త్రీలయెడ అధర్మముగా ప్రవర్తించుచున్నారని ఆ వ్యాసము పేరెత్తి ఆరోపించెను. కరసన్‌దాస్ పరమతస్థుడు కాడు. ఆ వైష్ణవ సమాజములో పుట్టి పెరిగినవాడే. భక్తిని ఆయన ఖండింపలేదు. భక్తిని దుర్వినియోగము చేయుటను ఖండించెను.

1861 మే నెలలో జదునాథ్‌జీ బొంబాయి సుప్రీంకోర్టులో 50,000 రూపాయలకు పరువునష్టపు దావా వేసెను. పత్రికా ముద్రాపకుడగు నానాభాయి రుస్తుంజీ రాణీనా కూడ ప్రతివాది. గురువునకు వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పువారిని కులమునుండి వెలివేయవలెనని భాటియా పెద్దలు కొందరు కట్టుబాటు చేసిరి. కరసన్‌దాస్ ఆ కుట్రపై వేరుగా అభియోగము తేగా, వారికి జరిమానా పడెను. అంతకు కొన్నియేండ్ల పూర్వమే, మహారాజును న్యాయస్థానమునకు పిలిపింపబోమని శిష్యులచేత వ్రాతపూర్వకముగా ఒప్పించు ప్రయత్నమును జరిగినది. ప్రశ్నింపరాని స్థానమున తన్ను నిలుపుకొన గోరుట గురువుకు పట్టిన మొదటి రోగమని దీనివలన తెలియుచున్నది.

1862 జనవరిలో విచారణ ప్రారంభమైనది. మథురదాస్ లవ్‌జీ, లఖ్మీదాస్ ఖీంజీ మొదలగు ఆ సమాజపు ప్రముఖులే ధైర్యముతో సాక్ష్యమిచ్చిరి. డాక్టరు భావూ దాజీ వంటి వైద్యులు కూడ బోనెక్కిరి. జదునాథ్‌జీ స్వయముగా సాక్ష్యమిచ్చి, ఆరోపణలను త్రోసిపుచ్చెను. ఏప్రిల్ 22న ప్రధాన న్యాయమూర్తి సర్ మాథ్యూ సాస్, సర్ జోసెఫ్ ఆర్నోల్డ్ తీర్పు చెప్పిరి. వ్యాసములోని ఆరోపణలు సమర్థింపబడినవని నిర్ణయమై, కరసన్‌దాసునకు 11,500 రూపాయల ఖర్చులు దక్కెను. ఇది మతసిద్ధాంతమునకు సంబంధించిన ప్రశ్న కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న యని ఆర్నోల్డ్ తేల్చెను; నీతికి తప్పైనది మతము పేర ఒప్పు కానేరదని ఆయన భావము.

ఆ గెలుపు సుఖముగా లభించినది కాదు. 1863లో విదేశయాత్ర చేసినందుకు కరసన్‌దాస్ కులబహిష్కారమునకు గురియై, 1871లో నలువది యేండ్లు నిండకుండనే కన్నుమూసెను. ఆయన కథ నేటికిని చల్లారలేదు. 2024లో దాని ఆధారముగా హిందీ చలనచిత్రము వెలువడబోవుచుండగా, విడుదలను ఆపగోరిన వారి మొరను విని, గుజరాతు ఉన్నత న్యాయస్థానము మొదట నిలిపి, పిదప అనుమతించెను.

అయితే ఒకరి తప్పును సంప్రదాయమంతటికిని అంటగట్టుట న్యాయము కాదు. కీర్తనసంగీతము, చిత్రకళ, బాలకృష్ణుని మురిపెముతో కూడిన సేవ యనునవి ఆ మార్గము దేశమునకు ఇచ్చిన సంపదలు. విదేశీయ న్యాయమూర్తులు మన శాస్త్రములకు చెప్పిన అర్థములన్నియు సరియైనవని ఒప్పుకొననక్కరలేదు. కాని మథురదాస్ వంటి భక్తులు కోరినది మార్గనాశనము కాదు. మార్గము మొదట పోయిన దారినే మరల పోవుట. ఆచార్యుని యేడు నాణెములనే వారు తమ గురువులయొద్ద మరల చూడగోరిరి.

ఈ చరిత్రనుండి గురుధర్మము తానుగా తేటపడుచున్నది. శిష్యుని సమర్పణ దైవమునకే గాని తనకు కాదని గురువు ఎన్నడును మరువరాదు. వచ్చిన కానుకకు లెక్క ఉండవలెను. ఆశ్రయించిన స్త్రీల గౌరవమును తన గౌరవముకన్న మిన్నగా కాపాడవలెను. ప్రశ్నించిన శిష్యుని వెలివేయక, సమాధానము చెప్పవలెను. శిష్యునకును ఒక ధర్మమున్నది: తాను చూచిన తప్పును భయముచేత కప్పిపుచ్చరాదు. 1862లో బోనెక్కిన భక్తులు గురుద్రోహులని నిందలు పడిరి. కాని గురుస్థానమునకు వారికన్న ఎక్కువ సేవ చేసినవారు ఆనాడు అరుదు.