ఫీజీ దీవిలో తెలుగువారి కాపురము

చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములు, యుద్ధములు, సంధిపత్రములు అని పిల్లలకు నేర్పి నేర్పి మాకును కొంతవరకట్టి నమ్మకమే యేర్పడియుండెను. ఒకనాడు మేము తరగతిగోడకు ప్రపంచపటమును వ్రేలగట్టి పసిఫిక్ మహాసముద్రమును చూపుచుండగా, నొక బాలుడు ఫీజీ యను చుక్కమీద వ్రేలుంచి, "మాస్టరుగారూ, అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారాండీ?" యని యడిగెను. ఉన్నారని చెప్పి, వారు వెళ్లిన సంవత్సరములును వెళ్లినవారి సంఖ్యయు తెలిపితిమి. వాడు తృప్తినొందక, "అక్కడేం తినేవారండీ? ఎక్కడ పడుకునేవారండీ?" యనెను. సంవత్సరములు నోటికి వచ్చిన మాకు ఈ ప్రశ్నకు వెంటనే సమాధానము తోచలేదు. తరువాత పుస్తకములు వెదకి తెలిసికొన్నదానిని చదువరుల ముందుంచుచున్నాము.

ఫీజీ దీవులు 1874వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ఇంగ్లీషువారి వశమయ్యెను. మరుసటి యేడే తట్టు జాడ్యము సోకి, సుమారు 40,000 మంది దీవివాసులు మరణించిరి. గవర్నరైన సర్ ఆర్థర్ గార్డన్ ఆ శేషించిన జనమును తోటలకు లాగినచో జాతియే నశించునని తలంచి, వారి గ్రామములను, వారి భూములను వారికే నిలుపజూచెను. మంచిదే. కాని తోటలు నడువవలెను. రాజ్యమునకు పన్ను రావలెను. ఆయన పూర్వము ట్రినిడాడునందును మారిషస్సునందును గవర్నరుగా నుండి హిందూదేశపు కూలీల పనిని కన్నులార చూచియుండెను. ఒక జాతిని కాపాడుటకై మరియొక జాతిని కాడికి కట్టుట యిందలి న్యాయము. 1879 మే 14వ తేదీన లియోనిడాస్ అను ఓడ కలకత్తానుండి 463 మందిని తెచ్చి దింపెను. దారిలో మశూచియు కలరాయు ఓడలో ప్రవేశించుటచే వారిని తిన్నగా ఊరిలోనికి రానీక, చిన్న దీవిలో వేరుగా నుంచిరి. సిడ్నీ నగరపు కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవారు 1882లో నౌసోరియందు చక్కెరమరను నడపనారంభించిన పిదప కూలీల యక్కర మరింత హెచ్చెను.

మనవారి వంతు 1903లో వచ్చెను. అప్పటినుండి చెన్నపట్టణపు రేవునకూడ ఓడలెక్కించిరి. 1916 వరకు వెళ్లిన 60,000 పైచిలుకు జనములో సుమారు 15,000 మంది యీ రేవున పోయినవారే. వారిలో విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తర ఆర్కాటు మండలముల తెలుగువారు పెక్కండ్రు.

ఇచ్చట నొక మాట చెప్పవలసియున్నది. అదే దీవిలో, అదే కాలమున, ఇంగ్లండునుండియు ఆస్ట్రేలియానుండియు వచ్చిన గుమాస్తాలును తోటల పైయధికారులును ఉండిరి. వారును పొట్టకూటికై సముద్రము దాటినవారే. వారును స్వదేశపు టపాకై ఎదురుచూచినవారే. వారిని ప్రవాసులందుము. మనవారిని కూలీలందుము. 1914లో సువానగరపు సముద్రతీరమున గ్రాండ్ పసిఫిక్ హోటలు తెల్లవారి విడిదికై తెరువబడెను. ఆ యేటనే మనవారు వసించిన గదుల కొలతలను కొంచెము విచారింతము.

తోటలయందలి కూలీ నివాసములకు "లైనులు" అని పేరు. పొడవైన యొక పాకను 16 గాని 24 గాని గదులుగా విభజింతురు. ఒక్కొక్క గది పొడవు 10 అడుగులు, వెడల్పు 7 అడుగులు. అందు ముగ్గురు ఒంటరి మగవాండ్రు గాని, భార్యాభర్తలు ఇద్దరు బిడ్డలతో గాని ఉండవలెను. మేము లెక్కల పంతులము కాకపోయినను గుణించి చూచితిమి: 70 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవును మూడడుగుల వెడల్పును గల మంచములు మూడు వేసినచో 54 అడుగులు పోవును. మిగిలిన 16 అడుగులలో పొయ్యి, కట్టెలు, కుండలు, పార, కత్తి, తడిసిన బట్టలు, పొగ. గదికిని గదికిని నడుమనున్న గోడ కప్పువరకు పోదు. పైన ఇనుపతీగెల వల మాత్రమే. ఒక గదిలో దగ్గిన పది గదులకు వినబడును. అట్టిచోట క్రొత్త దంపతుల కాపురమెట్లు సాగెనో, ప్రసవవేదన యెట్లు జరిగెనో చదువరులు ఊహించుకొనవలసినదే.

తెల్లవారకమునుపే లేచి వంట చేసికొని చీకటిలోనే పొలమునకు నడువవలెను. ఒప్పందపత్రము ననుసరించి దినమునకు 9 గంటలు, శనివారము 5 గంటలు పని; కాలము 5 సంవత్సరములు. ఆ పత్రమునకు ఇంగ్లీషున అగ్రిమెంటని పేరు. మనవారి నోట అది "గిర్మిట్" అయ్యెను; దానిక్రింద పనిచేసినవాడు గిర్మిటియా అయ్యెను. పనిని నియమించు తెల్లదొరకు "కులంబరు" అని పేరు పెట్టిరి. నంబరు పిలువుమను ఇంగ్లీషు మాటలనుండి ఇది పుట్టినదందురు. తనకు పేరు పోయి నంబరు మిగులగా, ఆ నంబరునే త్రిప్పి దొరకు పేరుగా పెట్టిన ఆ పామరుని చమత్కారమునకు మేము మిక్కిలి సంతసించితిమి.

కూలి పూర్తి పనికి మగవానికి ఒక షిల్లింగు, ఆడుదానికి 9 పెన్నీలు. పూర్తి పని యనగానేమో నిర్ణయించువాడు కులంబరే. చెరకు చాలు కొలిచి యిచ్చును; సాయంకాలమునకు అది ముగియకున్న కూలి తగ్గును, ఒక్కొక్కప్పుడు పోవును. పనికి రాకపోవుట మన దేశమున సోమరితనము; అక్కడ నేరము. కోర్టుకీడ్చి జరిమానాయో చెరసాలయో విధింతురు.

మొదటి నెలలలో తిండిసామగ్రిని తోటవారే యిచ్చి, దాని వెలను కూలిలో పట్టుకొనుచుండిరి: బియ్యము, గోధుమపిండి, పప్పు, ఉప్పు, సంబారములు. 1893లో వెళ్లి 21 సంవత్సరములుండి తిరిగివచ్చిన తోతారామ్ సనాఢ్యుడు, వారమునకిచ్చిన బత్తెము నాలుగు దినములకే తీరిపోవుచుండెనని హిందీలో వ్రాసెను. ఆకలిచే ప్రాణత్యాగమునకు సిద్ధపడిన తన్ను ఆ దీవివారు తెచ్చిపెట్టిన ఆహారమే నిలిపినదనియు ఆయనయే చెప్పెను. క్రమముగా మనవారు ఆ నేలలోని పంటలను మరగిరి. అవి కొత్తవి కావు గదా! చేమ అక్కడివారికి ప్రధానాహారము. దుంపయే గాక ఆకుకూడ కొబ్బరిపాలలో వండుదురు. కర్రపెండలము, సీమపనస, కొబ్బరి, చేప. గోదావరివానికి ఇందులో ముఖము చిట్లించుకొనవలసిన దేమియు లేదు. మిరియమునకును తమలపాకునకును జ్ఞాతియైన యొక మొక్క వేరును దంచి, నీట కలిపి, కొబ్బరిచిప్పతో త్రాగుట దీవివారి మర్యాద. మనవారును దానిని నేర్చి "నంగోన" యని పిలిచి, సాయంకాలములయందు చుట్టును కూర్చుండి త్రాగుచు మాటలాడుకొనిరి.

కులమేమయ్యెను? ఓడలోనే పోయెను. ఒకే వంటశాల, ఒకే బంతి, ఒకే నీటితొట్టి. మేమిక్కడ పంక్తిభోజనములపై సభలు పెట్టి తీర్మానములు చేసి యెన్ని సంవత్సరములలోనో సాధింపలేని దానిని, ఓడ కొన్ని వారములలో సాధించెను. సంస్కర్తలు దీనిని జూచి సంతసింపవచ్చును, మేమును సంతసింతుము. కాని అది వారు మనసార కోరి విడిచినది కాదు, వారినుండి ఊడ్చివేయబడినది. దానితోపాటు పెద్దలు, పంచాయితి, పుట్టినిల్లు, కష్టము వచ్చినప్పుడు తలుపు తట్టుటకొక బంధువు, ఇవన్నియు ఊడిపోయెను.

ఆ లేమి మొట్టమొదట స్త్రీపై పడెను. నూరుగురు మగవారికి 40 మంది ఆడువారుండవలెనని నిబంధన. అంతకుమించి తీసికొనిపోవుట తోటవారికి వ్యయము. ఫీజీలో మనవారి యాత్మహత్యలు, హత్యలు హెచ్చినప్పుడు అధికారులు దీనికంతకును కారణము ఆడువారి శీలమేయని తేల్చిరి. గది కొలతలను ఎవరు కారణమనలేదు. కులంబరుని కొరడాను ఎవరు కారణమనలేదు. 1912లో రేవా ప్రాంతమున కుంతి యను స్త్రీ అరటితోటలో ఒంటరిగా పనిచేయుచు, కులంబరు బలాత్కరింపబోగా తప్పించుకొని నదిలో దుమికెను. ఒక బాలుడామెను పడవతో రక్షించెను. ఆమె కథ కలకత్తా పత్రికలో వెలువడి దేశమును కదల్చెను. ప్రభుత్వమువారి విచారణ మాత్రము ఆమె మాట నమ్మదగినది కాదని తేల్చెను.

మాకు నొప్పి కలిగించు సంగతి మరియొకటి కలదు. కూలీలకొరకు పాటుపడిన మన పెద్దలును ఈ వాదమును పూర్తిగా త్రోసివేయలేదు. 1915లో ఆండ్రూసుగారును పియర్సనుగారును ఫీజీకి పోయి చూచి వ్రాసిన నివేదిక గిర్మిటు రద్దగుటకు మిక్కిలి తోడ్పడినది. ఆ మహోపకారమును మరువరాదు. అయినను అందులో అక్కడి స్త్రీలు చెడిపోయిన వారుగానే కనబడుదురు. దేశపు మానము పోవుచున్నదని సభలయందు మ్రోగిన ఉపన్యాసములలో స్త్రీ మానము కలదు గాని స్త్రీ కూలి లేదు. మగవానితో సమానముగ ఎండలో కలుపు తీసి మూడు పెన్నీలు తక్కువ గొని, ఇంటికి వచ్చి వంటచేసి, బిడ్డలను పెంచి, ఆ దీవిలో మన జాతిని నిలిపినవారు వారే. వారిపై ఈ మచ్చ నుంచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

మఱి వివాహమన్ననో, మనవారు తమ యాచారము చొప్పున చేసికొన్న పెండ్లి రిజిస్టరు కానిదే చట్టమునెదుట పెండ్లి కాదు. తాళి కట్టినను ఆమె భార్య కాదు. ఇట చట్టమెట్లు మొండికెత్తెనో అట ఆకాశమును అట్లే మొండికెత్తెను. ఫీజీ భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు 18 అంశలలో నున్నది. అరుంధతి ఉత్తరదిక్కున క్రిందుగా నెట్లో కనబడును గాని, ధ్రువుడు ఎన్నటికిని కనబడడు. పెండ్లికొడుకు వధువునకు ధ్రువుని చూపవలెనన్నచో సముద్రమునే చూపవలెను. ఋతువులును తలక్రిందులే. మన ఉత్తరాయణమున సూర్యుడు వారిని విడిచిపోవును. చైత్రము వచ్చునప్పటికి వారికి శరత్తు. మామిడి అక్కడ సంవత్సరాంతమున పండును, ఇక ఉగాదిపచ్చడికి కాయ యెక్కడిది? కాలిదాసు ఋతువులను కంఠస్థము చేసిన మాకు ఇది వినోదముగా తోచినది. పంచాంగము చేతబట్టి పండుగ చేసికొనవలసిన వానికి వినోదము కాదు. అయినను పండుగలు చేసిరి. అమ్మవారికి గుడి కట్టి నిప్పులగుండము త్రొక్కిరి. బెకా దీవివాసులు కాలిన రాళ్లపై నడచుట పూర్వమునుండి గలదు గావున, ఆ దీవులలో ఈ వ్రతమునకు ఇరుగుపొరుగు దొరకెను.

1916 మార్చిలో మదనమోహన మాలవీయగారు శాసనసభలో తీర్మానము తెచ్చిరి, హార్డింజి ప్రభువంగీకరించెను. మరుసటి యేడు మనుష్యులను పంపుట నిలిచెను. మిగిలిన ఒప్పందములన్నియు 1920 జనవరి 1వ తేదీన రద్దయ్యెను. పది సంవత్సరములున్నవారికి తిరుగుప్రయాణపు ఖర్చులు ప్రభుత్వమిచ్చునని పత్రమున నుండినను, సగమునకు మించినవారు అక్కడనే నిలిచి కౌలునేలలో చెరకు వేసికొనిరి.

అప్పుడు భాష మాట వచ్చెను. ఉత్తరదేశపువారికి తెలుగువాడు, తమిళుడు, మలయాళి అందరును "మద్రాజీలే". పొలములో హిందుస్తానీ రానివాడు నవ్వులపాలు. కాబట్టి బిడ్డలు దానినే తల్లిభాషగా నేర్చిరి. 1926లో సాధు కుప్పుస్వామిగారు దాక్షిణాత్యుల కొరకు తెన్ ఇందియ సన్మార్గ ఐక్య సంగమును స్థాపించిరి, బడులు వెలసెను. అందులోను తమిళమునకే పెద్దపీట యని తలంచి తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును వేరుగా నెలకొల్పుకొనిరి. పొరుగువాడు తనను గుర్తింపలేదని వేరుపడుట మనకు క్రొత్త గాదు. కాని ఒడ్డున మిగిలినదే పిడికెడు జనము, దానిని మరల రెండు చేసికొనుట చూడ మాకు కొంచెము బాధయే కలిగెను.

భూమి మాత్రము వారిది కాలేదు. గార్డను కాలమునాటి యేర్పాటు చొప్పున భూమిలో అధికభాగము దీవివాసులదే. లియోనిడాస్ దిగిన దినమైన మే 14వ తేదీననే, 1987లో, కర్నల్ రబూకా సైన్యముతో ప్రభుత్వమును పడగొట్టెను. వేలకొలది కుటుంబములు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడాలకు మరల ఓడగట్టె, కాదు, విమానమెక్కెను. ఆ రబూకాయే ప్రధానియై 2023 మే 14వ తేదీన తన చేతకు బహిరంగముగా క్షమాపణ వేడెను. ఆ యేటినుండి గిర్మిట్ దినము అక్కడ సెలవుదినము.

వెళ్లినవారికిచ్చిన పాసులు ఫీజీ ప్రభుత్వపు పత్రభాండాగారమున నేటికిని భద్రముగా నున్నవి. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపై పుట్టుమచ్చలు. మనుమల మనుమలు వాని నకళ్లను చేతబట్టి తమ ఊరిని వెదకుచుందురు. చిక్కేమనగా అవి ఇంగ్లీషు లిపిలో నున్నవి. ఆ లిపిలో డకారమునకును దకారమునకును ఒకటే యక్షరము. దీర్ఘమునకు గుర్తు లేదు. ఈ సంగతి చెప్పి మేము నల్లబల్లపై కోడూరను పేరును ఇంగ్లీషున వ్రాసి, మొదట ప్రశ్నించిన ఆ బాలుని చదువుమంటిమి. వాడు కొదురనెను. ప్రక్కవాడు కోదూరనెను. వెనుకబల్లవాడు లేచి కొడూరనెను.