గాలే ఇనుప దీపస్తంభము

శ్రీలంక దక్షిణతీరమున గాలే రేవు కలదు. పోర్చుగీసువారు ఆరంభించిన యచటి కోటను 1640లో డచ్చివారును, 1796లో ఆంగ్లేయులును వశపరచుకొనిరి. తూర్పు పడమరల నడుమ తిరుగు పొగయోడలు బొగ్గు కొఱకు ఇచట ఆగెడివి. కాని రేవు ముఖమున నీట మునిగిన రాళ్లు పెక్కు.

అందుచే 1848లో ఆంగ్లేయ ప్రభుత్వము ఇచట ఇనుప దీపస్తంభమును నిలిపెను. దీనిని రూపొందించినవాడు అలెగ్జాండర్ గార్డన్ అను ఇంజనీరు. పోత ఇనుప పలకలను ఇంగ్లండు నుండి ఓడపై తెచ్చి, ఒకదానితో నొకటి బిగించి, సుమారు 80 అడుగుల ఎత్తున నిలిపిరి. రాతిపని నిపుణులు దొరకని దూరతీరములకు ఈ పద్ధతి అనుకూలమని గార్డన్ తలంపు.

1875లో కొలంబోయందు అలలను ఆపు గొప్ప రాతికట్ట ఆరంభమైనది. అది పూర్తియైన పిదప ఓడల రాక అటు మరలెను. గాలే వైభవము తగ్గెను. దీపము మాత్రము ఆఱిపోలేదు. రేవున ఆగని ఓడకును తీరపు రాళ్ల భయము తప్పదు గదా!

ఎనుబదియేండ్లకు పైగా జ్వాలను శిరమున ధరించిన ఆ స్తంభము 1930ల దశకమున అగ్నికే ఆహుతియైనది. అయినను ఆ తీరమును చీకటిలో విడువలేదు. 1939లో, పూర్వస్థానమునకు సుమారు 100 మీటర్ల దూరమున, కాంక్రీటు స్తంభము నిర్మింపబడినది. నేడు కోటను దర్శించు యాత్రికులు చూచునది దానినే. ఆగు ఓడలకన్న సాగిపోవు ఓడలే హెచ్చైనను, వానికి దారి చూపుట తీరవాసుల ధర్మమని ఈ చరిత్ర తెలుపుచున్నది.