నామ్ వహీచ్ హై, ఆవాజ్ వో నయ్: జేబీఎల్ తారీఖ్ మీద ఒక బహస్



పోయిన బక్రీద్ రోజు మా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మొదలైన బహస్ ఇది. మా పెద్ద మామూ జెద్దాలో పంతొమ్మిదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. 1986లో అక్కడ ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్న ఎవరి దగ్గరో జేబీఎల్ ఎల్100 స్పీకర్ల జత సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. దుప్పట్లలో చుట్టి, కార్గోలో వేసి, కర్నూలు దాకా తెచ్చుకున్నారు. ఆ జత ఇప్పటికీ వాళ్ల దివాన్‌ఖానాలో ఉంది.

బక్రీద్ రోజు మామూ మనవడు అరచేతిలో పట్టే చిన్న జేబీఎల్ డబ్బా తీసి ఫోన్‌లోంచి ఒక నాత్ పెట్టాడు. మామూ కాసేపు విని, "నామ్ వహీచ్ హై, ఆవాజ్ వో నయ్" అన్నారు. పేరు అదే, ఆవాజే అది కాదు. "కంపెనీ అమ్ముకున్నారు కదా, ఇంకేం మిగుల్తుంది" అని ఫైసలా కూడా ఇచ్చేశారు. పిల్లలు నవ్వారు. మామూ నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన ఉమర్‌లో మనిషికి తన షౌక్ మీద నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే "మామూ, నేను తహ్కీక్ చేసి చెప్తా" అని మాటిచ్చాను. మూసీఖీ హలాలా హరామా అనే బహస్ ఇక్కడ దయచేసి తీయకండి, అది వేరే రోజు.

జేబీఎల్ అంటే జేమ్స్ బి. లాన్సింగ్. ఆ పేరు ఆయన పెట్టుకున్నదే. 1902లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టినప్పుడు జేమ్స్ మార్టినీ. 1927లో లాస్ ఏంజిలెస్ వచ్చి, పార్ట్‌నర్‌తో కలిసి స్పీకర్ల కార్ఖానా పెట్టాడు. సినిమాలు మాట్లాడటం మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. పెద్ద హాల్లో చివరి వరస దాకా మాట సాఫ్‌గా వినపడాలంటే ఎలా అన్నది హాలీవుడ్ మొత్తానికి తలనొప్పి. 1930ల మధ్యలో ఎంజీఎం స్టూడియో సౌండ్ విభాగం డగ్లస్ షేరర్ నాయకత్వంలో ఒక కొత్త హార్న్ సిస్టమ్ తయారుచేసింది. దానికి అకాడమీ వాళ్ల టెక్నికల్ ఇనాం వచ్చింది. అందులోని డ్రైవర్ల మీద లాన్సింగ్ మెహనత్ ఉంది.

కారిగర్‌గా ఉస్తాద్. కారోబార్‌లో మాత్రం ఖాళీ చేతులే. లెక్కలు చూసుకునే పార్ట్‌నర్ 1939లో విమాన ప్రమాదంలో పోయాడు. 1941లో కార్ఖానాను ఆల్టెక్ కంపెనీకి అమ్మేయాల్సి వచ్చింది, అలా ఆల్టెక్ లాన్సింగ్ అనే పేరు పుట్టింది. అయిదేళ్లు అక్కడ నౌకరీ చేసి, 1946లో బయటికొచ్చి తన పేరుతోనే మళ్లీ దుకాణం తెరిచాడు. లాన్సింగ్ అనే పేరు మాదని ఆల్టెక్ వాళ్లు అభ్యంతరం పెట్టారు. అంటే తన పేరు తనది కాకుండా పోయింది. పూర్తి పేరు పెట్టుకున్నాడు, చివరికి ఆ కంపెనీ మూడు అక్షరాలతో సర్దుకుంది. జేబీఎల్ అనే ముద్ర వెనక ఉన్న కథ ఇది.

ఆ చివరి మూడేళ్లలో ఆయన చేసిన పని చిన్నది కాదు. డీ130 అని 15 అంగుళాల డ్రైవర్. స్పీకర్ లోపల కాగితపు కోన్‌ని ఆడించే తీగచుట్టను వాయిస్ కాయిల్ అంటారు. మిగతావాళ్లు దాన్ని చిన్నగా చేస్తుంటే, ఈయన 4 అంగుళాల వెడల్పు పెట్టి, గుండ్రటి తీగ బదులు చదునైన తీగను అంచు మీద నిలబెట్టి చుట్టాడు. తక్కువ కరెంటుకే గట్టిగా పలికేది. తర్వాత లియో ఫెండర్ గిటార్ ఆంప్లిఫయర్లలోకి కూడా అదే చేరింది. కానీ ఖర్జ్ తీరలేదు. 1949 సెప్టెంబరులో, 47 ఏళ్లకు, లాన్సింగ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన హిసాబ్ అల్లాహ్ దగ్గర ఉంది, నేను ఏమీ అనను. ఆయన ఇన్సూరెన్స్ తాలూకు 10,000 డాలర్లు కంపెనీకి వచ్చాయి. విలియం థామస్ అనే మనిషి ఆ డబ్బుతో కార్ఖానాను నిలబెట్టి, ఇరవై ఏళ్లు నడిపాడు.

ఇక్కడే మామూ ఫైసలా మొదటిసారి తడబడుతుంది. థామస్ 1969లో జేబీఎల్‌ను సిడ్నీ హార్మన్ చేతికి అమ్మేశాడు. మామూ ప్రాణంగా చూసుకునే ఎల్100 బజారులోకి వచ్చింది 1970లో! లాన్సింగ్ పోయి ఇరవై ఏళ్లు దాటాక, కంపెనీ అమ్ముడుపోయాక. మామూ 'అసల్' అంటున్నదే అమ్మకం తర్వాతి మాల్ అన్నమాట. ఆ తర్వాత కూడా అమ్మకాలు ఆగలేదు. కార్టర్ సర్కారులో పదవి కోసం 1977లో హార్మన్ తన కంపెనీని బీట్రిస్ ఫుడ్స్ అనే తిండి సరుకుల కంపెనీకి అమ్మాడు. 1980లో జేబీఎల్‌ను తిరిగి కొనుక్కున్నాడు. 2017లో హార్మన్ కంపెనీ మొత్తాన్ని సామ్‌సంగ్ 800 కోట్ల డాలర్లకు తీసుకుంది. మాలిక్ మారిన ప్రతిసారీ 'ఇక ఖతమ్' అన్నవాళ్లు ఉన్నారు.

పాత స్పీకర్ల ఆషిక్‌లు చూపించే పెద్ద సబబు మాలిక్‌లు కాదు, అయస్కాంతం. పాతవాటిలో ఉండేది ఆల్నికో: అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపిన మిశ్రమం. కోబాల్ట్ ఎక్కువగా వచ్చేది ఆఫ్రికాలోని జైర్ దేశం నుంచి. ఇప్పుడు దాన్ని కాంగో అంటున్నాం. 1978లో అక్కడి షాబా ప్రాంతంలో జంగ్ జరిగి, కోల్వేజీ గనుల దగ్గరి పని ఆగింది. కోబాల్ట్ కీమత్ కొన్ని రెట్లు పెరిగింది. ఎక్కడో ఆఫ్రికాలో తుపాకీ పేలితే లాస్ ఏంజిలెస్‌లో స్పీకర్ మారిపోయింది, చూడండి. అందరూ చవకైన ఫెర్రైట్ అయస్కాంతానికి మారారు.

ఫెర్రైట్‌తో ఒక అసలైన నుక్సాన్ ఉంది. కాయిల్‌లో కరెంటు పారినప్పుడు అయస్కాంత బలం కొద్దిగా ఊగుతుంది, దానివల్ల ఆవాజ్‌లో లేని స్వరం కలుస్తుంది. ఆల్నికోలో ఇది తక్కువ. అంటే ఫిర్యాదు వహమ్ కాదు. కానీ జేబీఎల్ ఇంజనీర్లు ఊరికే కూర్చోలేదు. మధ్యలోని ఇనుప స్తంభం ఆకారం మార్చి, లోపల అల్యూమినియం ఉంగరం పెట్టి, ఆ ఊగడాన్ని అణచారు. 1980 నాటికి ఆ డిజైన్ బజారులో ఉంది. పైగా ఆల్నికోకు తనదైన ఐబ్ ఒకటి ఉంది: గట్టిగా వాయించి వాయించి ఉంచితే దాని బలం తగ్గిపోవచ్చు. సమస్యను చూసి, కొలిచి, తీర్చారు కాబట్టి ఇది దిగజారుడు కథ కాదంటాను.

ఇక ఎల్100 ఎలాంటి స్పీకర్? నిజం చెప్తే మామూకి నచ్చదు. మంచి స్పీకర్‌లో లావు స్వరం, సన్న స్వరం విడదీసి ఎవరి వాటా వాళ్లకు పంచే భాగం ఒకటి ఉంటుంది, దాన్ని క్రాసోవర్ అంటారు. ఎల్100లో 12 అంగుళాల ఊఫర్‌కు ఆ పరదా లేనే లేదు, నేరుగా కలిపేశారు. మిగతా రెండు డ్రైవర్లకు ఒక్కో కెపాసిటర్. అందుకే గొంతు, గిటార్, డోలక్ ముందుకు దూసుకొస్తాయి. జోష్ ఉంటుంది, ఇన్సాఫ్ తక్కువ. దీని అన్న లాంటి 4310 స్టూడియోల కోసం చేసింది. ఇంజనీరు ఏ రంగులో విన్నాడో ఇంట్లోవాడూ అదే రంగులో విన్నాడు, అదొక సుఖం. దాని ముందు నారింజ రంగు స్పాంజ్ ముఖం చూసి కొన్నవాళ్లూ తక్కువేం కాదు.

కీమత్ కూడా చూడాలి. 1970ల మొదట్లో ఎల్100 జత 500 డాలర్ల పైమాటే. అప్పటి అమెరికాలో మామూలు కుటుంబపు నెల రాబడిలో సగానికి మించిన డబ్బు. దాని పక్కన మా మనవడి అరచేతి డబ్బాను నిలబెట్టి 'గిర్ గయా' అనడం ఇన్సాఫ్ కాదు. స్పీకర్ల దగ్గర ఒక పాత ఖానూన్ ఉంది, హాఫ్‌మన్ అనే ఇంజనీరు పేరు మీద చెప్పుకుంటారు. డబ్బా చిన్నది కావాలి, లావు స్వరం లోతుగా రావాలి, తక్కువ కరెంటుతో గట్టిగా పలకాలి. మూడింట్లో రెండే దొరుకుతాయి. లాన్సింగ్ జమానాలో ఆంప్లిఫయర్‌కు పది ఇరవై వాట్ల కంటే దమ్ము ఉండేది కాదు, కాబట్టి డబ్బా పెద్దది. ఇప్పుడు వాట్లు చవక, డబ్బా జేబులోకి కావాలి. చిన్న డబ్బాలో చిప్ కాపలా కాస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ లావు స్వరాన్ని తగ్గించి డ్రైవర్ చిరగకుండా చూస్తుంది. 2012లో ఫ్లిప్ మొదలయ్యాక జేబీఎల్ అంటే పిల్లలకు ఇలాంటిదే. అదే ముద్ర కింద 2006లో ఎవరెస్ట్ అనే భారీ స్పీకర్ కూడా వచ్చింది, మనలాంటివాళ్లు ఫొటోలో చూసి తృప్తిపడాలి. 2018లో ఎల్100నే క్లాసిక్ పేరుతో, అదే స్పాంజ్ ముఖంతో మళ్లీ తెచ్చారు.

ఇప్పుడు అసలు నాజూకు విషయం. మన కాన్, మన హాఫిజా. ఫ్లాయిడ్ టూల్ అనే కెనడా శాస్త్రవేత్త 1991లో హార్మన్‌లో చేరాడు. ఆయన, షాన్ ఆలివ్ కలిసి 1994లో ఒక తజుర్బా ప్రకటించారు. నలభై మంది, నాలుగు స్పీకర్లు. ముందు కళ్లెదుట పెట్టి మార్కులు వేయించారు, తర్వాత తెర వెనక పెట్టి. చూస్తూ వింటే పెద్దవి, ఖరీదైనవి గెలిచాయి. తెర వేశాక ఆ ఆధిక్యం కరిగిపోయింది, చిన్న ప్లాస్టిక్ సెట్‌కు కాస్త ఇజ్జత్ పెరిగింది. వాళ్లందరూ ఆ కంపెనీలోనే పనిచేసేవాళ్లు! ఆ తర్వాత హార్మన్ ల్యాబ్‌లో స్పీకర్లను నల్లగుడ్డ వెనక మూడు నాలుగు సెకన్లలో అటూ ఇటూ జరిపే మెషిన్ పెట్టారు. ఆవాజ్ మీద మన యాద్ అంతకంటే ఎక్కువసేపు నమ్మదగ్గది కాదు. మరి ముప్పై ఎనిమిదేళ్ల నాటి ఆవాజ్‌ను ఇవాళ్టితో ఎలా తూచాలి?

మామూ అబద్ధం చెప్తున్నారని కాదు. మన ముహద్దిసీన్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. రావి సచ్చాయీ వేరు, హాఫిజా వేరు. నిజాయితీపరుడే, కానీ పెద్ద వయసులో యాద్ కలగాపులగమైతే దాన్ని ఇఖ్తిలాత్ అన్నారు. అతా బిన్ సాయిబ్ లాంటి రావి దగ్గర ముందు విన్నవాళ్ల రివాయత్ తీసుకున్నారు, తర్వాత విన్నవాళ్లది జాగ్రత్తగా తూచారు. మనిషిని తక్కువ చేయలేదు, గవాహీని తూచారు. వయసుతో పాటు మొదట పోయేది సన్న స్వరమే. మామూకి ఇప్పుడు 74.

పోయిన నెల మా తమ్ముడి కొడుకు హైదరాబాద్ నుంచి ఒక జత తెచ్చాడు: జేబీఎల్ 305, స్టూడియోలో వాడే 5 అంగుళాల చిన్నవి, 2013లో వచ్చిన మోడల్. అప్పట్లో ఒక్కోటి 150 డాలర్లలోపే. మామూ దివాన్‌ఖానాలో అమ్మీ దుప్పటిని తాడు మీద వేలాడదీసి, నాలుగూ దాని వెనక పెట్టాం. ఫోన్‌లో మీటర్ చూసి రెండు జతల ఆవాజ్ సమానం చేశాం. ఇది ముఖ్యం, కాస్త గట్టిగా పలికేదే మనకు మంచిదనిపిస్తుంది. ముందు ఒక ఖారీ సాహెబ్ తిలావత్, తర్వాత ఒక బయాన్, ఆఖరికి ఖవ్వాలీ. ఏది మీదో చెప్పండి మామూ అన్నాం.

తిలావత్‌కు ఆయన చూపించింది కొత్తవాటిని. బయాన్‌కూ కొత్తవే. "ఏక్ ఏక్ లఫ్జ్ సాఫ్ హై, యేచ్ మేరా హై" అన్నారు. ఖవ్వాలీలో చప్పట్లు, డోలక్ మొదలవగానే పాతవాటి వైపు వేలు పెట్టి ముసిముసిగా నవ్వారు. అది ల్యాబ్ కాదు, ఒకే మనిషి, ఒకే సాయంత్రం. పాత జత లోపలి కెపాసిటర్లకూ మామూ కాన్‌లకూ వయసొచ్చింది. 1970లో కొత్తగా ఉన్న ఎల్100 ఎలా పలికిందో ఇప్పుడు ఎవరికీ వినపడదు.

నాకు అర్థమైంది ఇంత. ఆవాజ్ పడిపోలేదు, కొలత ప్రకారం సగటు మాల్ మెరుగైంది. పోయింది వేరే. మామూ స్పీకర్‌కు కోన్ చిరిగితే కొత్తది వేయించవచ్చు, చట్రం అలాగే ఉంటుంది. ఈ చిన్న బ్లూటూత్ డబ్బాలు, ఏ కంపెనీవైనా, బ్యాటరీ చచ్చాక బాగుచేయించుకోవడం కష్టం. ఇంకోటి, రెండు డబ్బాలను దూరదూరంగా పెట్టి, వాటి మధ్యలో మనిషి కూర్చుని, ఇంకే పనీ లేకుండా వినడం. ఒక్క డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టి ఉల్లిగడ్డలు తరుగుతూ వినేది అది కాదు. జెద్దాలో జుమా రాత్రి పదిమంది కుర్రాళ్లు ఒక గదిలో చాప మీద కూర్చుని ఊరి కోసం ఏడుస్తూ విన్న ఖవ్వాలీని ఏ కంపెనీ తిరిగి ఇవ్వగలదు?

దుప్పటి తీశాక మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, తన పాత జత ముందు రాలిన నారింజ రంగు స్పాంజ్ పొడిని చేత్తోనే తుడిచారు. "ఛోటే వాలే ఏక్ హఫ్తా యహీచ్ ఛోడ్ దేవ్" అన్నారు. నాలుగు వారాలైంది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. మసీదు దగ్గర మాత్రం దోస్తులతో జేబీఎల్ ఆవాజ్ పోయిందనే అంటున్నారట, "మేరే భాంజే లాయా సో వో ఛోడ్ కే" అని ఒక మాట కలిపి.