ముత్తాత రెండవ పెళ్ళి

వంశవృక్షం గీయబూనిన ప్రతివారికీ ఎక్కడో ఒకచోట కలం ఆగుతుంది. నాకు ముత్తాత దగ్గర ఆగింది. మా ముత్తవ్వ కంటె ముందు ఆయనకు మరొక భార్య ఉండేదట. ఆమెను గురించి ఇంట్లో మిగిలినది ఒక్కటే వాక్యం: “ఆమె పోయింది.” చనిపోయిందా, పుట్టింటికి పోయిందా, మరొకరిని మనువాడి పోయిందా? మన భాషలో ‘పోవడం’ ఈ మూడింటికీ చెల్లుతుంది. చెప్పినవారు ఏ అర్థంలో చెప్పారో అడగడానికి వారిప్పుడు లేరు.

ఆయన ఊరు నేటి హైటెక్ సిటీ చుట్టుపక్కలది. 1998 నవంబరు 22న వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఇంకా బండరాళ్ళూ, పొలాలూ కనబడేవి. ఆ తరువాత నేల ధర పెరిగింది. దానితో తాతముత్తాతల పెళ్ళిళ్ళ మీద మనుమలకు ఆసక్తి కూడ పెరిగింది. ఎవరు అసలు భార్య, ఎవరి బిడ్డలకు హక్కు అన్న ప్రశ్న అరుగుల మీది నుండి న్యాయస్థానాలకు చేరింది.

నేను మొదట ఈ వ్యవహారాన్ని ‘ద్విభార్యత్వం’ అని రాసుకున్నాను. కొంత చదివిన పిమ్మట ఆ మాట కొట్టివేయవలసి వచ్చింది. ఒకే పని నేరమా కాదా అన్నది ఆనాడు తేదీని బట్టి, సరిహద్దును బట్టి, అన్నిటికంటె మించి చేసినవారు స్త్రీయా పురుషుడా అన్నదానిని బట్టి ఉండేది.

మద్రాసు రాష్ట్రంలో 1949లో హిందూ ద్విభార్యత్వ నిరోధక, విడాకుల చట్టం వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. కనుక ఆ ఏటి నుండి గుంటూరులో భార్య బ్రతికి ఉండగా రెండవ పెళ్ళి చేసుకొన్న హిందువు నేరస్థుడు. కృష్ణ దాటి హైదరాబాదు రాష్ట్రంలోకి వస్తే సంగతి వేరు. 1955 మే 18న అమలులోకి వచ్చిన హిందూ వివాహ చట్టం తన 30వ సెక్షనులో రద్దు చేసిన పాత చట్టాలను పేర్కొన్నది. వాటిలో రాష్ట్రాలవి బొంబాయి, మద్రాసు, సౌరాష్ట్ర చట్టాలు. హైదరాబాదు చట్టమేదీ ఆ జాబితాలో లేదు. మా ముత్తాత పెళ్ళిళ్ళు రెండూ అంతకు చాలా ముందటివి. మొదటి భార్య ఇంట్లో ఉన్నా, లేకున్నా, రెండవ పెళ్ళి చెల్లినట్లే.

అయితే ఆమె మాటేమిటి? బ్రిటిషు ఇండియాలో 1860 నాటి శిక్షాస్మృతి 494వ సెక్షను ద్విభార్యత్వాన్ని, ద్విభర్తృత్వాన్ని శిక్షించేది. కాని రెండవ వివాహం చెల్లనిదైతేనే. హిందూ పురుషుని రెండవ పెళ్ళి చెల్లేది గనుక అతనికి శిక్ష లేదు. భర్త బ్రతికి ఉండగా స్త్రీ చేసుకొన్న పెళ్ళి చెల్లేది కాదు గనుక ఆమెకు శిక్ష ఉండేది. ఆమెను ముఖ్యంగా కాపాడగలిగినది కులాచారం ప్రకారం జరిగిన విడాకులు. పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకొని, మారుమనువు వెళ్ళే ఆచారం అనేక కులాలలో ఉండేది. సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాము రాజ్యపు కులాల గురించి 1920లో ప్రచురించిన గ్రంథంలో విడాకులు, వితంతు వివాహాల ఆచారాలను ఆయా కులాల కింద నమోదు చేశాడు. హిందూ వివాహ చట్టం కూడ 29వ సెక్షనులో ఆచార విడాకులను నిలిపి ఉంచింది.

ఇక్కడ నా ప్రశ్న తలకిందులైంది. ముత్తాత తప్పు చేశాడా అని వెతుకుతూ వచ్చాను. ఆయనకు విడాకులతో పనే లేదు. వాటి అవసరమంతా ఆమెది.

1955 చట్టంలో తరచు మన దృష్టికి రాని సంగతి ఒకటి ఉన్నది. చట్టానికి ముందే భర్త మరొక భార్యను తెచ్చుకొని ఉంటే, ఆ సవతి జీవించి ఉన్నంతవరకు, ఆ కారణం చేతనే విడాకులు కోరే హక్కు 13వ సెక్షను భార్యకు ఇచ్చింది. ఆమె అప్పటికి బ్రతికి ఉన్నదో లేదో!

ఇక కాగితాల సంగతి. జనగణన చీట్లు మనకు అందవు. 1948 నాటి జనగణన చట్టం వాటి తనిఖీని అనుమతించదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు ఉంటాడు, సాగుదారు ఉంటాడు, భార్య ఉండదు. పాత ఉర్దూ కాగితాలలో ఫసలీ సంవత్సరాలుంటాయి. 590 కలుపుకొంటే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. భార్యలు కనబడే చోటు విరాసత్ కాగితాలు, అంటే మగవాడు చనిపోయిన తరువాత. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 10వ సెక్షను, విల్లు రాయకుండా చనిపోయిన వానికి వితంతువులు ఒకరికి మించి ఉంటే అందరికీ కలిపి ఒక వాటా అని చెబుతుంది. ఇద్దరు భార్యల ఇళ్ళు ఈ దేశంలో ఎంత మామూలో ఆ ఒక్క నిబంధన చాలు తెలియడానికి.

మా ముత్తాత విరాసత్ కాగితంలో ఒకే వితంతువు పేరున్నది, ముత్తవ్వది. మొదటి ఆమె అప్పటికి చనిపోయి ఉండవచ్చు. తెగతెంపులై ఉండవచ్చు. బ్రతికి ఉండగానే రాయించనివారు రాయించక వదిలివేసి ఉండవచ్చు. కాగితంలో పేరు లేకపోవడం విడాకులకు సాక్ష్యం కాదు.

బిడ్డల విషయంలో చట్టం క్రమంగా మెత్తబడింది. 1976 సవరణ చెల్లని వివాహాల సంతానాన్ని కూడ ధర్మసంతానంగా గుర్తించింది. 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, అట్టివారికి ఉమ్మడి ఆస్తిలో తల్లిదండ్రులకు వచ్చే వాటాలో భాగం ఉంటుందని తీర్పు చెప్పింది. కాని 1955కు ముందు చెల్లిన పెళ్ళిళ్ళ సంతానానికి ఈ ఊతకర్రతో పని లేదు. అందుకే తేదీ తెలుసుకోకుండా ఎవరినీ ‘ఉంచుకున్నదాని బిడ్డలు’ అనకూడదు.

నా వంశవృక్షంలో ముత్తాత పక్కన ఇప్పుడు రెండు గడులున్నాయి. మొదటి దానిలో పేరు లేదు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ అడగాలని తోచలేదు. మీ ఇళ్ళలో ఇంకా అడగదగిన పెద్దలుంటే, భూమి వివరాలకన్న ముందు పేర్లు అడగండి.