జీర్ణాశయ క్యాన్సర్‌లో శస్త్రచికిత్సకు ముందు కీమోథెరపీ

జీర్ణాశయ క్యాన్సర్‌ను నయం చేయగల చికిత్సల్లో శస్త్రచికిత్సదే ఇప్పటికీ ప్రధాన స్థానం. అయితే గడ్డ కడుపు గోడ లోతుల్లోకి పాకినప్పుడు, పక్కనున్న లింఫు గ్రంథులకు చేరినప్పుడు, ఆపరేషన్‌కు ముందే సుమారు రెండు నెలలు కీమోథెరపీ ఇస్తారు. కోలుకున్నాక మిగతా విడతలు పూర్తి చేస్తారు. ఈ వరుస బలమైన ఆధారంతో స్థిరపడటానికి, కడుపు ఆపరేషన్ తొలిసారి ఫలించిన నాటి నుంచి నూటపాతికేళ్లు పట్టింది.

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ 43 ఏళ్ల మహిళకు కడుపు కింది భాగాన్ని తొలగించి, మిగిలిన భాగాన్ని చిన్నపేగు మొదలుకు కలిపి కుట్టాడు. గడ్డ దారిని మూసేయడంతో ఆమె తిన్నది కిందికి దిగేది కాదు. ఈ ఆపరేషన్ తర్వాత రోగి బతికి బయటపడటం అదే మొదటిసారి. గాయం మానింది, ఆమె మళ్లీ తినగలిగింది. కానీ సుమారు నాలుగు నెలలకే వ్యాధి తిరగబెట్టి కన్నుమూసింది. గడ్డను తీసే నాటికే క్యాన్సర్ కణాలు వేరేచోట పాతుకుపోయి ఉన్నాయన్నమాట. ఆ తర్వాత చాలాకాలం సర్జన్లు కోతను విస్తరించడంలోనే దీనికి జవాబు వెతికారు. 1897లో జ్యూరిక్‌లో కార్ల్ ష్లాటర్ కడుపును పూర్తిగా తొలగించి రోగిని నిలబెట్టాడు. జపాన్ సర్జన్లు కడుపు చుట్టూ ఉండే లింఫు గ్రంథులను క్రమపద్ధతిలో విభజించి, రక్తనాళాల వెంట ఉన్నవాటిని కూడా తీసేసే ‘డీ2’ పద్ధతిని తీర్చిదిద్దారు. ఇవన్నీ గొప్ప మెరుగుదలలే. అయినా కాలేయంలోకో, ఉదర కుహరాన్ని కప్పే పెరిటోనియం పొర మీదికో అప్పటికే చేరిన కణాన్ని ఏ కత్తీ అందుకోలేదు.

1957లో చార్లెస్ హైడెల్‌బెర్గర్ బృందం వెలువరించిన 5-ఫ్లోరోయురాసిల్‌తో మందుల దారి తెరుచుకుంది. మొదట్లో కీమోను ఆపరేషన్ అయ్యాకే ఇచ్చేవారు. ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. కడుపు తీసేసిన మనిషి ఒక్కసారిగా ఎక్కువ తినలేడు, మొదటి నెలల్లోనే బాగా చిక్కిపోతాడు, తిన్న కాసేపటికే కళ్లు తిరగడం, విరేచనాలు పట్టుకుంటాయి. అలాంటి ఒంటికి కీమో భారం తోడైతే చాలామంది చికిత్స మధ్యలోనే ఆపేస్తారు. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే, అంటే కోతకు ముందే మందులివ్వాలన్న ఆలోచనకు ఇదే అసలు బలం. గడ్డ కుంచించుకుపోవడం, మందు పనిచేస్తోందో లేదో తొలగించిన గడ్డను పరీక్షించి తెలుసుకోగలగడం అదనపు లాభాలు. మందు పనిచేయకపోతే ఈలోపు వ్యాధి ముదురుతుందేమోనన్న సర్జన్ల భయమూ న్యాయమైనదే.

1989లో జర్మనీకి చెందిన హన్స్‌యోఖెన్ విల్కే బృందం, తొలగించడానికి వీల్లేదని తేల్చిన గడ్డలున్న రోగులకు ఎటొపొసైడ్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ ఇచ్చింది. కొందరిలో గడ్డ ఆపరేషన్‌కు వీలయ్యేంతగా తగ్గింది. నెదర్లాండ్స్‌లో వేరే మందులతో చేసిన తులనాత్మక పరీక్ష మాత్రం 59 మందితోనే ఆగిపోయింది. అందులో లాభమేమీ కనిపించలేదు.

సందేహాన్ని తీర్చింది బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో సాగిన ‘మ్యాజిక్’ పరీక్ష. 1994లో మొదలైన ఈ పరీక్షలో డేవిడ్ కన్నింగ్‌హామ్ బృందం 503 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసింది. ఒక వర్గానికి ఆపరేషన్ మాత్రమే. రెండో వర్గానికి ఆపరేషన్‌కు ముందు మూడు విడతలు, తర్వాత మూడు విడతల ‘ఈసీఎఫ్’ కీమో. ఇందులో ఎపిరూబిసిన్, సిస్‌ప్లాటిన్ విడత మొదటి రోజున ఎక్కిస్తారు. 5-ఫ్లోరోయురాసిల్ మాత్రం పెద్ద సిరలోకి వేసిన గొట్టం ద్వారా, రోగి వెంటే ఉండే చిన్న పంపు నుంచి 21 రోజులూ రాత్రింబవళ్లు ఎక్కుతూనే ఉంటుంది. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం కీమో తీసుకున్నవారిలో 36 శాతం, ఆపరేషన్ మాత్రమే జరిగినవారిలో 23 శాతం ఐదేళ్లు దాటి జీవించారు. ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే. సర్జన్ల భయం నిజం కాలేదు.

ఈ పరీక్షలో అంతే విలువైన లెక్క మరొకటి ఉంది. కీమో వర్గంలోని 250 మందిలో 215 మంది మొదటి మూడు విడతలూ పూర్తి చేశారు. ఆరింటినీ పూర్తి చేసినవారు 104 మందే. ఆపరేషన్ తర్వాత మనిషి మందు తట్టుకోలేడన్న వాదనకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 224 మందితో జరిగిన ఫ్రెంచ్ పరీక్షలోనూ ఐదేళ్ల జీవనం 24 నుంచి 38 శాతానికి పెరిగింది.

తూర్పు ఆసియా వేరే దారి పట్టింది. జపాన్‌లో 1960ల్లోనే ఎక్స్‌రేతో సామూహిక పరీక్షలు మొదలవడంతో వ్యాధి తొలిదశలోనే బయటపడేది, డీ2 ఆపరేషనూ అక్కడ మామూలే. అందుకే ముందు కోత, తర్వాత ‘ఎస్-1’ అనే నోటి ద్వారా తీసుకునే కీమో మందు అన్న పద్ధతిని 2007 నాటి జపాన్ పరీక్ష ఖాయం చేసింది. ముదిరిన గడ్డలకు ముందు కీమో మేలని 2021లో వెలువడిన కొరియా, చైనా పరీక్షలు చూపాక అక్కడా ఆలోచన మారుతోంది.

తర్వాతి మలుపు జర్మనీలో వచ్చింది. సలా-ఎద్దీన్ అల్-బత్రాన్ నాయకత్వంలో 716 మందితో జరిగిన ‘ఫ్లాట్’ పరీక్షలో 5-ఫ్లోరోయురాసిల్, ల్యూకోవోరిన్, ఆక్సాలిప్లాటిన్, డోసిటాక్సెల్ కలిపి రెండు వారాలకోసారి ఇచ్చారు. ముందు నాలుగు, తర్వాత నాలుగు విడతలు. పంపు 21 రోజులకు బదులు విడతకు 24 గంటలే ఉంటుంది. మధ్యస్థ జీవనకాలం పాత పద్ధతిలో 35 నెలలు కాగా దీనితో 50 నెలలు. 2019లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాక ఈసీఎఫ్ క్రమంగా తెరమరుగైంది. ముందు కీమోకు రేడియేషన్‌ను జోడించినా జీవనకాలం పెరగలేదని 2024లో ‘టాప్‌గేర్’ పరీక్ష తేల్చింది. ఫ్లాట్‌కు దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును కలిపితే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని 948 మందిపై జరిగిన ‘మ్యాటర్‌హార్న్’ పరీక్ష 2025లో చూపింది.

ఈ వరుస అందరికీ వర్తించదు. గోడ లోపలి పొరకే పరిమితమైన తొలిదశ గడ్డను ఎండోస్కోపీతోనో, నేరుగా ఆపరేషన్‌తోనో తీస్తారు. రక్తస్రావం ఆగకపోయినా, కడుపుకు రంధ్రం పడినా కీమో కోసం వేచి ఉండటానికి వీల్లేదు. డీఎన్‌ఏలోని తప్పులను సరిదిద్దే వ్యవస్థ చెడిన ‘ఎంఎస్ఐ-హై’ రకం గడ్డలకు మామూలు కీమోతో అంతగా మేలు ఉండదని మ్యాజిక్ నమూనాలను తిరిగి పరిశీలించినప్పుడు సూచనలు కనిపించాయి. అందుకే బయాప్సీలోనే ఆ రకాన్ని గుర్తించడం అవసరం. భారతదేశంలో ఈ వ్యాధికి సామూహిక పరీక్షలు లేవు, చాలామంది గడ్డ ముదిరాకే ఆసుపత్రికి వస్తారు. కాబట్టి రోగ నిర్ధారణ కాగానే, ఆపరేషన్ తేదీ ఖాయం చేసే ముందే, సర్జన్, మెడికల్ ఆంకాలజిస్టు కలిసి చికిత్స క్రమాన్ని నిర్ణయించాలి.