తంతులు లేని సితారా



కల్దీయుల ఊరు అను పట్టణము పేరు వినని విశ్వాసి మన సంఘములలో నుండడు. అబ్రాహాము ప్రయాణము అచ్చటనే మొదలాయెను. ఆ పట్టణము ఇదియేయని అనేక పండితులు తలంచు దిబ్బలను, దక్షిణ ఇరాకులో లియోనార్డ్ వూలీ అను ఆంగ్లేయుడు 1922 మొదలు 1934 వరకు త్రవ్వించెను.

అచ్చట సుమారు 4500 సంవత్సరముల నాటి రాజసమాధులు బయలుపడెను. ఒక గోతిలో 74 మంది అస్థిపంజరము లుండెను. వారిలో 68 మంది స్త్రీలు. వారితోకూడ సితారాలును పాతిపెట్టబడెను. మరియొకచోట వాద్యపు కొయ్య చివికిపోయి, మంటిలో రంధ్రములు మాత్రమే మిగిలెను. వూలీ ఆ రంధ్రములలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయించి, అది గట్టిపడిన పిమ్మట మన్ను తీయించగా, వాద్యము ఆకారము కండ్లయెదుట నిలిచెను.

ఆ గోతిలో దొరికిన వెండి సితారా యొకటి నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. దాని అడ్డకొయ్యకు తంతులు బిగించుటకై 11 వెండి గొట్టము లున్నవి. వెండి మిగిలెను గాని తంతి యొక్కటియు మిగులలేదు.

ప్రాచీనులు గొఱ్ఱె ప్రేగులను శుభ్రముగా గీకి, మెలిపెట్టి, ఆరబెట్టి తంతులు చేసికొనిరి. తంతి క్రిందికొనను పెట్టెకు కట్టి, గుఱ్ఱము మీదుగా లాగి, పైకొనను అడ్డకొయ్యకు చుట్టుదురు. క్రొత్త తంతి ఒక్క బిగింపుతో నిలువదు; సాగి సాగి సడలును. మరల మరల శ్రుతి చేయవలెను.

ఆ ఊరిలోనే క్రీ.పూ. 1800 ప్రాంతపు మట్టిపలక యొకటి దొరికెను. 1968లో గర్నీ అను పండితుడు దానిని ప్రకటించెను. తొమ్మిది తంతుల వాద్యమును శ్రుతిచేయు విధము అందులో నున్నది: ఏ జంట తంతులు శుద్ధముగా పలుకవో వినుము, అప్పుడు ఫలాని తంతిని బిగించుము, మరియొక వరుసలో, సడలించుము. ముందు వినుట, తరువాత బిగించుట. ఎంత చక్కని క్రమము!

దావీదు మీటిన కిన్నోరును మన తెలుగు బైబిలు సితారా యనుచున్నది. అయితే దానికి మన సితారు వలె పొడవైన మెడ లేదు. రెండు చేతులును ఒక అడ్డకొయ్యయు నుండెను. కిన్నోరుకు పది తంతులనియు, స్వరమండలమును వ్రేళ్లతో మీటుదురనియు మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫస్ వ్రాసెను. బబులోనుకు చెరపట్టబడినవారు తమ సితారాలను చెట్లకు తగిలించిరి గాని, పారవేయలేదు.

నేను సేవచేసిన ఒక పల్లెలో, తంబుర మీటు పెద్దాయన ప్రభువునందు నిద్రించెను. ఆయన తంబురను గుడి గోడకు తగిలించి, దండ కూడ వేసితిమి. మూడేండ్లకు తీసిచూడగా తంతులు త్రుప్పుపట్టి తెగిపోయి యుండెను, బిరడలు తిరుగలేదు. ఆయన బ్రదికియుండగా, శ్రుతిచేయుట ఒక్క పిల్లవానికైనను నేర్పించవలెనని నాకు తోచలేదు. ఆ తప్పిదము నాదే.

మీ గుడిలో తంబుర యున్నదా? ఈ ఆదివారమే దానిని దింపుడి. దానిని ఎరిగిన పెద్దవారి ప్రక్కను ఒక చిన్నవానిని కూర్చుండబెట్టుడి. వాడు ముందు వినుట నేర్చుకొనును గాక.